ఖంగుమామ అరచెయ్యి

ఆ పొద్దున కొండ పలకలేదు.

పాత సీసం గనిలో కప్పును తట్టి చూడటం ఖంగుమామ పని. చూడటానికి వచ్చేవాళ్లను లోపలికి వదలకముందే ఆయన సొరంగం తలుపు తాళం తీసి, హెల్మెట్ పెట్టుకుని, తన ఎత్తుకు మించిన గడ్డపారతో నెత్తిమీది రాతిని తడుతూ చివరిదాకా వెళ్లి రావాలి. గట్టి రాయి ఖంగుమంటుంది. లోపల పగులు పట్టి, ఇవాళో రేపో ఊడిపడదామని చూస్తున్న రాయి పుచ్చకాయను తట్టినట్టు డబ్‌మంటుంది. డబ్‌మన్న చోట పక్కకు జరిగి నిలబడి, పార మొన పగులులో దూర్చి, ఆ పెచ్చును తనే కిందికి లాగెయ్యాలి. ఎవరి నెత్తినో పడబోయేదాన్ని ముందే నేలమీద పడెయ్యడమన్నమాట. పని కాస్తా పేరైపోయింది. ఊళ్లో చిన్నా పెద్దా అందరికీ ఆయన ఖంగుమామే.

ఆ పొద్దున మొదటి దెబ్బకే డబ్‌మంది. దీపం ఎత్తి చూస్తే పగులేమీ కనిపించలేదు. నాలుగడుగులు ముందుకు వేసి మళ్లీ కొట్టాడు. అక్కడా అంతే. నిన్నటిదాకా ఇత్తడి బిందెలా మోగిన చోటు కూడా తడిసిన చెక్కలా చప్పబడిపోయింది. రాత్రికి రాత్రి కొండ మొత్తం డొల్లబోయిందనుకున్నాడు. ఇంకెవరైనా అయితే ముందు తమ చెవిని అనుమానించేవాళ్లు. బతుకంతా రాతిని వింటూ గడిపిన మనిషి కనుక రాతినే అనుమానించాడు.

వెనక్కి వచ్చి తలుపు వేసేసి, టికెట్ల కిటికీ దగ్గరున్న మేనకోడలితో ఇవాళ ఎవర్నీ రానివ్వకమ్మా అన్నాడు. ఆ అమ్మాయి టికెట్లూ ఇస్తుంది, వచ్చినవాళ్లను లోపలికి తీసుకెళ్లి గని కథా చెబుతుంది. మామయ్య మొహం చూసి మారుమాట్లాడకుండా బోర్డు తిప్పేసింది.

మధ్యాహ్నం ఇంజినీరమ్మ వచ్చింది. గని బాధ్యత ఆవిడది. వయసు చిన్నదే గాని తొందరపడే మనిషి కాదు. పగుళ్లకు అడ్డంగా అతికించిన గాజుపట్టీలన్నీ దీపం పెట్టి చూసింది. రాయి కదిలితే ముందు ఆ గాజు విరుగుతుంది. ఒక్కటీ విరగలేదు. ఏదీ, ఒకసారి తట్టండి అంది. ఆయన తట్టాడు. డబ్‌మంది.

ఆవిడ తల వాల్చి విని, "బాగానే మోగుతోంది కదండీ" అంది.

ఖంగుమామ ఖంగుతిన్నాడు. ఇంకోచోట కొట్టి ఆవిడ మొహంలోకి చూశాడు. ఆ మొహంలో ఏ భయమూ లేదు. పొద్దున పార సరిగ్గా పట్టుకోలేదేమో అని గొణిగి, దొంగకు తేలు కుట్టినట్టు ఊరుకున్నాడు.

ఇంటికి వెళ్లి భార్యను అడిగాడు, నాకు చెవుడొచ్చిందా అని. ఆవిడ కూర తరుగుతోంది. కత్తి ఆపకుండానే, "పెళ్లయినప్పట్నుంచీ నా మాట విన్నదెప్పుడు? చెవుడు ఎప్పుడొచ్చిందో నేనెట్టా కనిపెట్టను?" అంది. తర్వాత ఆయన నిలబడ్డ తీరు చూసి కత్తి పక్కన పెట్టింది. కెటిల్ ఈల వేస్తే లేవడం మానేసి చాన్నాళ్లయిందని చెప్పింది. చెంచా కిందపడితే తిరిగి చూడవు, లారీ వస్తే మాత్రం తప్పుకుంటావు అంది. సన్నటి చప్పుళ్లన్నీ ఒక్కొక్కటే ఆయన్ని వదిలి వెళ్లిపోయాయి, లావుపాటివి మిగిలాయి. మాటలు వినబడుతున్నాయి కనుక ఆయన గమనించలేదు. చిట్టచివర కొండ ఖంగు కూడా వెళ్లిపోయింది.

కారణం వెతకనక్కర్లేదు. వయసులో ఉన్నప్పుడు ఆయన ఈ గనిలోనే, అడుగు అంతస్తుల్లో, డ్రిల్లింగ్ మిషన్ భుజాన పెట్టుకుని పనిచేశాడు. చెవుల్లో దూది కూడా పెట్టుకోని రోజులవి. తర్వాత కంపెనీకి గిట్టుబాటయ్యే సీసం అయిపోయింది. పంపులు ఆపేశారు. అడుగు అంతస్తులన్నీ నీళ్లతో నిండిపోయాయి. ఎప్పటివాళ్లో తవ్విన పై సొరంగం ఒక్కటీ పొడిగా మిగిలితే దాన్ని చూసేవాళ్ల కోసం తెరిచారు. తోటివాళ్లు వేరే పనులు వెతుక్కుని పోయారు. ఖంగుమామ పోలేదు. ఎందుకు పోలేదని అడిగితే, "ఇంకా చూడాల్సింది ఉంది" అనేవాడు. ఏముందో ఆయనకూ తెలీదు.

చిన్నప్పుడూ అంతే. ఇంటి వెనక గని రాళ్ల కుప్ప ఉండేది. అందులో బూడిదరంగు సీసపు రాయి ఏరి, దాన్ని పగలగొడుతూ కూర్చునేవాడు. ఆ రాయి ఎలా పడితే అలా పగలదు. పెట్టెలు పెట్టెలుగా, అంచులు తీర్చినట్టు విడిపోతుంది. పెట్టెను కొడితే ఇంకా చిన్న పెట్టెలు, వాటిని కొడితే ఇంకా చిన్నవి, అన్నిటికీ అద్దంలాంటి మెరుపు. చివరి పెట్టె ఎంత ఉంటుందో చూడాలని వాడి పట్టుదల. ఆ పొడి విషంరా వెధవా అని తల్లి వీపు చీరేసి, చేతులు మోచేతులదాకా తోమేది. మర్నాడు మళ్లీ కుప్ప మీదే ఉండేవాడు.

అలాంటివాడికి ఇప్పుడు మింగలేని, కక్కలేని కష్టం వచ్చిపడింది. కప్పు చూసే మనిషికి చెవులు బాగుండాలన్నది గనిలో అందరికీ తెలిసిన నియమం. చెబితే ఇంజినీరమ్మ గడ్డపార తీసుకుని, గేటు దగ్గర కుర్చీ వేస్తుంది. కుర్చీకి ఆయనేం చిన్నబోడు. కాని రోజూ అందరికంటే ముందు కొండలోకి అడుగుపెట్టేది తను. రాత్రంతా కొండ ఒంటరిగా ఏం చేసిందో మొదట తెలిసేది తనకు. అది పోతుంది. చెప్పకుండా ఉంటే చూడొచ్చేవాళ్ల తలకాయల సంగతేమిటి? పిల్లలు కూడా వస్తారు. మర్నాడు చెప్పేద్దామనే గుండె చిక్కబట్టుకుని వెళ్లాడు.

సొరంగం మొదట్లో కప్పు చేతికి అందేటంత కిందికి ఉంటుంది. అక్కడ ఆగి, ఎందుకో ఎడమ అరచెయ్యి రాతికి ఆనించి, కుడిచేతిలోని పారతో తట్టాడు. అరచేతిలో ఒక చిన్న చురుకు తగిలి, వెంటనే ఆగిపోయింది. ఇది గట్టి రాయి. పక్కనే గోడలోకి తొలిచిన ఒక గుంట ఉంది, తాడు కట్టి మూసేశారు. అక్కడి కప్పు చెడిందని అందరికీ తెలుసు. గోడ వారగా నిలబడి చెయ్యి చాపి, అక్కడా అలాగే తట్టాడు. ఈసారి చురుకు ఆగలేదు. ఈగ వాలిన ఆవు చర్మంలా రాయి కాసేపు వణికింది. ఖంగుమామ రెండుచోట్లా మళ్లీ తట్టి చూసుకున్నాడు. ఇన్నేళ్లు చెవితో విన్నదాన్నే చెయ్యి ఇంకో భాషలో చెబుతోంది.

ఇక చెప్పలేదు. కప్పు ఎత్తుగా ఉన్న చోట్ల అందుకోవడానికి ఒక పొడుగాటి కర్ర సంపాదించాడు. దాని కొస రాతికి ఆనించి, మొదలు గుప్పిట పట్టుకుని పారతో పక్కన కొట్టేవాడు. కర్రెందుకు మామయ్యా అని మేనకోడలు అడిగితే, ముసలితనం అమ్మాయి, ఊతకి అన్నాడు. అంత పొడుగు ఊతకర్ర ఎవరిదీ చూడలేదని ఆ అమ్మాయి నవ్వింది గాని, నవ్వాక కూడా కాసేపు ఆ కర్రనే చూసింది.

మేనకోడలి కథంటే ఆయనకు ప్రాణం. ఇప్పుడు సగం వినబడకపోయినా, చూడొచ్చిన గుంపు వెనకాల నిలబడి పెదవులు చూస్తూ వినేవాడు. ఈ కొండ ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకున్న గవ్వల బురద. అది గట్టిపడి సున్నపురాయి అయింది. నేల కదిలినప్పుడు నిలువునా చీలింది. ఎక్కడో అడుగు నుంచి మసిలే నీళ్లు ఆ చీలికలోకి ఎగదన్నాయి. పైకి వస్తూ చల్లబడి, కెటిల్ లోపల గార కట్టినట్టు, చీలిక గోడలకు సీసపు రాతిని అంటించి పోయాయి. అదే ఈ బూడిదరంగు చార. పాతవాళ్లకు కావలసింది సీసం కాదు, అందులో కంటికి కనబడకుండా కలిసున్న వెండి. రాతిని కరిగించి సీసం తీసి, ఎముకల బూడిదతో చేసిన మూకుడులో దాన్ని మళ్లీ మంటమీద పెట్టి గాలి కొడితే, మూకుడు సీసాన్నంతా తాగేస్తుంది. అడుగున వెండి పూస ఒకటి మిగులుతుంది.

"అంత సీసానికి ఇంతేనా? కొండను తవ్వి ఎలుకను పట్టినట్టుందే" అనేవాళ్లు జనం తప్పకుండా.

"మెరిసే ఎలుక కదండీ" అనేది మేనకోడలు.

బాంబులూ మిషన్లూ లేని వాళ్లు ఇంత తవ్వకం నిప్పుతో చేశారు. రాతికి ఆనించి కట్టెలు పేర్చి, అంటించి, బయటికి వెళ్లిపోయేవాళ్లు. వేడికి రాయి పెచ్చులు పెచ్చులుగా బీటలు వారేది. చల్లారాక వచ్చి రాల్చుకునేవాళ్లు. అందుకే ఈ సొరంగం గోడలు కుండ లోపలిలా నున్నగా, గుండ్రంగా ఉంటాయి. అలా తవ్వుకుంటూ చివరికి వచ్చేసరికి తెల్లటి సున్నపు నీరు కారి గట్టిపడ్డ ఒక గోడ వస్తుంది. ఇక్కడితో చార అయిపోయింది, వాళ్ల పనీ అయిపోయింది అని చెప్పి మేనకోడలు గుంపును వెనక్కి తిప్పేది. కంపెనీవాళ్లూ ఆ మాటే నమ్మి, వేరేవైపు తవ్వుకున్నారు. జనం ఆ గోడకు వీపు ఆనించి ఫొటోలు దిగేవాళ్లు.

ఒక పొద్దున ఖంగుమామ కూడా ఆ గోడకు వీపు ఆనించాడు. ఫొటోకి కాదు. అక్కడ కప్పు బాగా ఎత్తు, పార ఎత్తి పట్టుకోవడానికి ఆసరా కావలసి వచ్చింది. కప్పు మీద ఒక్కటిచ్చాడు. రెండు భుజాల మధ్య ఎవరో వెనకనుంచి మెల్లగా తట్టినట్టయింది.

తిరిగి చూస్తే గోడ తప్ప ఎవరూ లేరు.

అరచెయ్యి పరిచి, ఈసారి గోడనే కొట్టాడు. గనిలో గోడను తట్టే అలవాటు ఎవరికీ లేదు. గోడ నిలబడే ఉంటుంది, పడేది కప్పు అని పనిలో చేరిన రోజే నేర్పుతారు. ఆ నేర్పిన మాటే ఇన్ని తరాల పనివాళ్లనూ ఆ గోడ ముందునుంచి తట్టకుండా నడిపించింది. చేతికి తగిలింది ఒక రాయి వణుకు కాదు. బంగాళాదుంపల బస్తాను తంతే లోపల ఒక్కోటీ విడివిడిగా కదిలినట్టు, వేరు వేరు వణుకులు. కుడి మూలకు జరిపితే చురుక్కుమని ఆగిపోయింది. ఎడమ అంచున కూడా అంతే. మధ్యలో మాత్రం ఒక మనిషి వంగి దూరేంత మేర బస్తా.

ఆ రోజునుంచి ఆయనకు ఇంకో ధ్యాస లేదు. రోజూ కప్పు పని ముగించి గోడ దగ్గర చేరేవాడు. టీ తాగుతూ మేనకోడలిని అడిగాడు, ఆ పాతవాళ్లు పనికిరాని రాళ్లన్నీ బయటికి మోసేవాళ్లా అని. అంత ఓపిక ఎవరికుంటుంది మామయ్యా, ఖాళీ అయిన చోట్లో పేర్చేసేవాళ్లట, ఎక్కడో చదివాను అంది. ఎందుకడిగావంటే ఊరికే అన్నాడు. ఇంట్లో వంటగది గోడకు చెయ్యి ఆనించి గరిటెతో తడుతూ భార్య కంటపడ్డాడు.

"ఇల్లు కూడా ఊడిపడుతుందా?" అంది ఆవిడ.

అప్పుడు మొత్తం చెప్పాడు. గోడ వెనక ఏముందో చూడాలనుంది, మూసి పెట్టారంటే వెండి చార ఉండే ఉంటుంది అన్నాడు. కాని ఇంజినీరమ్మకు గోడ సంగతి చెప్పాలంటే చెయ్యి సంగతి చెప్పాలి, చెయ్యి సంగతి చెప్పాలంటే చెవి సంగతి చెప్పాలి. ఆవిడ అంతా విని, ఆ గోడ పేర్చిందే అయితే జనం దాన్నే ఆనుకుంటున్నారు కదా, అది వాళ్లమీద పడదా అని అడిగింది. వెండి ధ్యాసలో ఆయనకు ఆ ఆలోచనే రాలేదు.

"చెబితే పోయేది పని. చెప్పకపోతే పోయేది నిద్ర. నీ నిద్ర పోతే పక్కన నా నిద్రా పోతుంది. పనే పోనీ" అంది భార్య.

మర్నాడు తలుపు తీయకుండా ఇంజినీరమ్మ వచ్చేదాకా కూర్చున్నాడు. ఆవిడను గోడ దగ్గరికి తీసుకెళ్లి, ఇది రాయి కాదు మేడమ్, పేర్చింది అన్నాడు. ఆవిడ పార తీసుకుని తానే తట్టింది. మందపాటి సున్నపు పెచ్చు మీద పార మామూలుగానే పలికింది.

"నాకు తేడా తెలియడం లేదే. మీకెలా వినబడింది?"

"వినబడలేదమ్మా. నాకు పార చప్పుడే వినబడదు."

ఆవిడ పార కిందికి దించింది. "ఎప్పట్నుంచి?"

"కొండ పలకలేదని మిమ్మల్ని పిలిపించిన రోజునుంచి. అది కొండ కాదు, నేను."

తర్వాత అరచెయ్యి గురించి, కర్ర గురించి, తాడు కట్టిన గుంట దగ్గర సరిచూసుకోవడం గురించి అన్నీ చెప్పాడు. ఇంజినీరమ్మ అరవలేదు. అరిచినా బాగుండేదని ఆయనకు అనిపించింది.

"ఇన్నాళ్లూ ఇంతమందిని మీ చేతిని నమ్మి లోపలికి పంపాను. అది నాకు తెలియదు. ఆ చెయ్యి ఒక్కరోజు తప్పు చెబితే?"

ఆయన తన అరచెయ్యి కేసి చూసుకున్నాడు.

ఆవిడ ఆ రోజే గని మూయించింది, గడ్డపార తీసుకుంది. కాని గోడకు సన్నటి రంధ్రం వేయించిన రోజు ఆయన్ని పిలిపించింది. మిషన్ కాసేపు పెచ్చును కొరికి, ఒక్కసారిగా కుదుపుతో లోపలికి జారింది. మళ్లీ రాయి, మళ్లీ సందు. చివరికి ఏమీ అడ్డులేదు. రంధ్రంలోంచి చల్లగాలి వచ్చి ఆయన చెంపకు తగిలింది. ఎప్పటిదో గాలి. తీగకు కట్టిన కెమెరాను లోపలికి పంపి, అందరూ చిన్న తెర చుట్టూ చేరారు.

వెండి చార కోసం ఆయన కళ్లు వెతికాయి. కనిపించినవి కట్టెలు.

నున్నటి గుండ్రటి గది. ఎదురుగా రాతికి ఆనించి, అడ్డం నిలువూ వేసి, ఎంతో పొందిగ్గా పేర్చిన కట్టెల పేర్పు. సందుల్లో చిదుగులు కూడా కూరి ఉన్నాయి. నిప్పు మాత్రం పెట్టలేదు. పేర్పు వెనక రాతిలో బూడిదరంగు చార, చెయ్యి వెడల్పున, ఇంకా లోపలికి వెళుతూనే ఉంది. చార అయిపోలేదు.

"మరెందుకు ఆపేశారు?" అంది మేనకోడలు. ఇన్నాళ్లు తను చెప్పిన కథ తెరమీద తప్పైపోతుంటే ఆ అమ్మాయి మొహం వెలిగిపోతోంది. యుద్ధమేమో అంది. జబ్బేమో, అడుగు నుంచి నీళ్లు వచ్చాయేమో అంది. ఇంజినీరమ్మ, పాత వస్తువులు తెలిసినవాళ్లు వచ్చి చూసేదాకా ఏమీ అనుకోవద్దంది.

"ఆ దీపం కాస్త పైకి తిప్పండి" అన్నాడు ఖంగుమామ.

కెమెరా కప్పువైపు తిరిగింది. పేర్పుకు సరిగ్గా పైన ఒక పెద్ద బల్లరాయి. దాని అంచు వెంబడి నల్లటి గీత. గోడ వారగా ఒక పొడుగాటి కర్ర నిలబెట్టి ఉంది.

"అంతా సిద్ధం చేసుకున్నాక ఎవడో ఆ కర్రతో కప్పు తట్టాడు. డబ్‌మంది. వద్దన్నాడు. ఇంకెవరూ తెలియక దూరకుండా దారి మూసేసి పోయారు."

"మంట ఎగదోయడానికి పెట్టుకున్న కర్ర కూడా అయుండొచ్చు మామయ్యా."

"అయుండొచ్చు" అన్నాడాయన. కాని తెరమీద ఆ కర్ర కనబడినంతసేపూ కళ్లు తిప్పలేదు.

గోడకు ఇనుప జాలీ కట్టి, జనం దగ్గరికి పోకుండా అడ్డుకమ్మీ పెట్టాక గని మళ్లీ తెరిచారు. గడ్డపార మేనకోడలి చేతికి వచ్చింది. ఖంగుమామ ఆమెకు పని నేర్పాలి, ఒంటరిగా మాత్రం లోపలికి పోకూడదని ఇంజినీరమ్మ షరతు. మొదటి పొద్దున ఆ అమ్మాయి తాళం తీసి, పక్కకు జరిగి, నువ్వే ముందు నడువు మామయ్యా అంది. ఆయన ఒప్పేసుకున్నాడు.

ఆమె తట్టిన ప్రతిచోటా దీపం తన మొహం మీదికి తిప్పుకుని పెదవులతో 'ఖంగ్' అని చూపించేది. ఆయన కర్ర ఆనించి, చేతిలో చురుకు చూసుకుని తలూపేవాడు. ఇలా సగందూరం వెళ్లారు. జనం ఆగి కథ వినే చోట ఆమె పెదవులు 'డబ్' అన్నాయి. ఆయన గుప్పిట్లో చురుకు చక్కగా ఆగిపోయింది. మళ్లీ కొట్టమన్నాడు. మళ్లీ డబ్ అంది. బాగానే ఉందమ్మాయి అన్నాడు.

"లేదు మామయ్యా. నువ్వు చెప్పిన పుచ్చకాయే ఇది."

ఆమె పక్కకు జరిగి నిలబడి, నేర్పినట్టే పార మొన దూర్చింది. పళ్లెమంత పెచ్చు ఊడి ఇద్దరి ముందూ పడి ముక్కలైంది. ఆ చప్పుడు ఆయనకు వినబడింది.

ఆయన కిందికి వంగి ఒక ముక్క తీసుకున్నాడు. ఇంజినీరమ్మ అడిగినదానికి జవాబు ఇదన్నమాట. ఇది ఎన్నాళ్లనుంచి ఇలా ఉందో, దీనికింద ఎంతమంది నిలబడి నవ్వుతూ కొండా ఎలుకా అన్నారో. చెయ్యిని తుడుచుకుంటూ చాలాసేపు కప్పుకేసి చూశాడు. తర్వాత కర్ర భుజాన వేసుకుని ఆ అమ్మాయి వెనక్కి వచ్చి నిలబడ్డాడు.

"ఇక నువ్వే ముందు. రేపు కూడా" అన్నాడు.

చివరి గోడ దాకా వెళ్లారు. ఆమె కప్పు తట్టడం ముగించేదాకా ఆగి, ఆయన అడ్డుకమ్మీ మీదుగా వంగి, జాలీ మీదనుంచే తెల్లటి గోడకు అరచెయ్యి ఆనించాడు. రెండోచేతి వేళ్ల కణుపులతో మెల్లగా, తలుపు కొట్టినట్టు, రెండుసార్లు కొట్టాడు.

మేనకోడలు దీపం మొహం మీదికి తిప్పుకుంది. "ఏమంటోంది మామయ్యా?"

"ఇంకా అడుగుతున్నా" అన్నాడు, చెయ్యి తీయకుండా.